తీగ పలకకపోతే ఎక్కడ చూడాలి?
చేతి రేడియో ప్రోగ్రామింగ్ కేబుల్ తయారీ, మరమ్మతు: సాయంత్రపు తరగతి నుంచి ఒక పాఠం



వైద్య శిబిరం లెక్కలు, స్కాలర్‌షిప్పుల జాబితా, రంజాన్ రేషన్ పంపిణీ వివరాలు ఈ సంచికలోని వేరే పుటల్లో చూస్తారు. ఈ నాలుగు పుటలు మాత్రం మూరెడు తీగ గురించి. శంకర్‌పల్లిలో మన సంఘం నడిపే ఎలక్ట్రానిక్స్ తరగతికి మీలో కొందరు సోల్డరింగ్ ఐరన్లు ఇచ్చారు, కొందరు మల్టీమీటర్లు, పాత ల్యాప్‌టాప్‌లు ఇచ్చారు. ఒక పెద్దమనిషి రెండు చేతి రేడియోలకు డబ్బు కట్టారు. పోయినసారి సర్వసభ్య సమావేశంలో ఆయనే ఒక ప్రశ్న కూడా వేశారు. "రేడియోలో ఛానళ్ళు నింపే కేబుల్ బజారులో తయారుగా దొరుకుతుంది కదా, పిల్లలతో వారాల తరబడి దాన్ని చేయించడం ఎందుకు? చేసింది కూడా పని చెయ్యలేదని విన్నాను."

ప్రశ్న న్యాయమైనదే. మీ సొమ్ము మా చేతిలో అమానత్. అది ఎక్కడ ఖర్చయిందో రసీదులు చెబుతాయి గాని ఏం నేర్పిందో చెప్పవు. అందుకే ఆ కేబుల్ ఎలా తయారైంది, ఎందుకు మొరాయించింది, తప్పు ఎలా దొరికింది అన్నది పాఠంగానే రాస్తున్నాను. ఇంట్లో చదువుకునే పిల్లలుంటే ఈ పుటలు వాళ్ళకు ఇవ్వండి.

ముందుగా రేడియో సంగతి. మనం మాట్లాడుకునేది అమెచ్యూర్ రేడియో, అందరూ హామ్ రేడియో అనేది. లైసెన్సు ఉన్నవాళ్ళు, వ్యాపారం కోసం కాకుండా, నేర్చుకోవడానికీ ఆపదలో సాయపడడానికీ వాడే వైర్‌లెస్. దీనికి మన దగ్గర మంచి చరిత్రే ఉంది. హైదరాబాద్ సోమాజిగూడలో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో 1983లో మొదలైంది. 2004 డిసెంబరులో ఆ సంస్థ తరఫున భారతి ప్రసాద్ బృందం అండమాన్ వెళ్ళి పోర్ట్ బ్లెయిర్‌లో స్టేషన్ పెట్టింది. పదిహేడేళ్ళుగా అక్కడ హామ్ రేడియో గొంతు వినపడలేదు కనుక ప్రపంచం నలుమూలల నుంచి ఆ స్టేషనుతో మాట్లాడడానికి హామ్‌లు పోటీ పడ్డారు. డిసెంబరు 26న సునామీ వచ్చింది. సరదాగా పెట్టిన ఆ స్టేషనే దీవుల నుంచి క్షేమసమాచారాలు మోసే దారి అయింది.

మనకు సముద్రం లేదు, నిజమే. మూసీ ఉంది. అనంతగిరి కొండల్లో పుట్టి మన శంకర్‌పల్లి వైపు నుంచే గండిపేటకు చేరుతుంది. 1908 సెప్టెంబరు 28 వరద హైదరాబాద్‌ను ముంచాక కట్టినవే 1920 నాటి ఉస్మాన్ సాగర్, 1927 నాటి హిమాయత్ సాగర్. 2020 అక్టోబరు వానలు, 2025 సెప్టెంబరు చివర్లో ఎం.జి.బి.ఎస్. బస్టాండులోకి నీళ్ళు రావడం మీకు గుర్తుండే ఉంటాయి. గట్టి వానకు వాగు మీద కాజ్‌వే మునిగి, కరెంటు పోయి, సెల్ టవరు బ్యాటరీ కూడా అయిపోతే ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు మాట చేర్చే సాధనం మన చేతిలో ఏముంది? మొయినాబాద్, చేవెళ్ళ వైపు పల్లెల్లో పంపిణీకి తిరిగిన మన వాలంటీర్లకు ఈ ఇబ్బంది కొత్త కాదు.

ఇక తీగ దగ్గరకు వద్దాం. ఇప్పుడు ఎక్కువగా వాడుకలో ఉన్న చిన్న చేతి రేడియోలు, బావోఫెంగ్ యువి-5ఆర్ లాంటివి, 128 ఛానళ్ళు గుర్తుపెట్టుకుంటాయి. ఒక్కొక్క ఛానల్‌ను రేడియో మీదున్న బటన్లతో నింపవచ్చు. కానీ అది ఆవగింజల్ని ఒక్కొక్కటిగా ఏరినట్టుంటుంది, మధ్యలో ఒక అంకె తప్పితే కనిపెట్టడం కష్టం. కంప్యూటరులో పట్టికలా రాసుకుని ఒక్కసారిగా రేడియోలోకి పంపడం సుఖం. దానికి చిర్ప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. కంప్యూటరుకూ రేడియోకూ మధ్య మాట నడిపేదే ఈ ప్రోగ్రామింగ్ కేబుల్.

చూడ్డానికి అది మామూలు తీగలాగే ఉంటుంది గాని, మధ్యలో ఒక దుబాసీ కూర్చుని ఉంటాడు. కంప్యూటరు యూఎస్‌బీ భాష మాట్లాడుతుంది. రేడియోకు ఆ భాష రాదు. దానికి వచ్చింది సీరియల్ అనే పాత పద్ధతి ఒక్కటే: ఒక్కో అక్షరాన్ని ముక్కలు చేసి, ఒకదాని వెనక ఒకటిగా, ఒకే తీగ మీద పంపడం. వేగం సెకనుకు 9600 బిట్లు. ఈ రెండు భాషల మధ్య తర్జుమా చేసే చిన్న చిప్పు యూఎస్‌బీ కొనలోనో, ఒక బోర్డు మీదో ఉంటుంది. ఎఫ్‌టీడీఐ, ప్రోలిఫిక్, సీహెచ్340, సీపీ2102 అనేవి బజారులో తరచూ వినపడే పేర్లు. అలాంటి బోర్డు కోఠీ గుజరాతీ గల్లీలో తక్కువ ధరకే దొరుకుతుంది. దాని నుంచి రేడియోకు కావలసినవి మూడే తీగలు: పంపేది, అందుకునేది, గ్రౌండ్.

బోర్డు మీద నాలుగో పిన్ను కూడా ఉంటుంది, కరెంటు ఇచ్చేది. దాన్ని ముట్టకూడదు. రేడియోకు తన బ్యాటరీ తనకుంది, బయటి నుంచి వోల్టేజి పోస్తే నష్టమే. తరగతిలో మొదటి రోజే ఆ పిన్నుకు టేపు చుట్టించాం.

ఇంకో ప్రమాదం పాత కంప్యూటర్ల వెనక ఉండే తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టు. అదీ సీరియలే కదా అని నేరుగా రేడియోకు కలిపేవాళ్ళున్నారు. పేరు ఒకటే గాని ఆ పోర్టులో వోల్టేజి 3 నుంచి 15 దాకా ప్లస్‌లోనూ, అంతే మైనస్‌లోనూ ఊగుతుంది. పైగా ఒకటి, సున్నా తలకిందులుగా ఉంటాయి. రేడియో లోపలి చిప్పుకు తెలిసింది సున్నా, 3.3 లేదా 5 వోల్టులే. మధ్యలో వోల్టేజి మార్చే చిప్పు లేకుండా కలిపితే రేడియో బతకడం అదృష్టం. మన తరగతిలో బోర్డు మీది జంపర్‌ను ఎప్పుడూ 3.3 దగ్గరే పెడతాం.

పంపేది, అందుకునేది అన్న మాటల్లో ఒక మెలిక ఉంది. ఎవరు పంపేది? బోర్డు మీద పంపే పిన్ను రేడియోలో అందుకునే పిన్నుకు పోవాలి. నా నోరు నీ చెవికి, నీ నోరు నా చెవికి, అంతే. కాని కొన్ని పటాల్లో కంప్యూటరు వైపు నుంచి పేరు పెడతారు, కొన్నింటిలో రేడియో వైపు నుంచి. పటం చూసి కలిపినా తారుమారయ్యేది అందుకే. రెండు నోళ్ళు ఎదురెదురుగా కలిసినా చిప్పు కాలకుండా ప్రతి తీగలోనూ 1 కిలో ఓమ్ రెసిస్టర్ ఒకటి వరుసలో పెట్టించాం. దాని ఖరీదు రూపాయికి అటూ ఇటూ. 3.3 వోల్టుల దగ్గర అది కరెంటును మూడు మిల్లీ ఆంపియర్ల పైచిలుకు దగ్గర ఆపేస్తుంది. ఈ వేగంలో మాటకు అడ్డు రాదు.

ఇప్పుడు అసలు కథ. నలుగురు పిల్లలు రెండు జట్లుగా రెండు కేబుళ్ళు చేశారు. రేడియోలోకి పోయే జంట పిన్ను, అంటే పక్కపక్కనే ఉండే 3.5, 2.5 మిల్లీమీటర్ల జాక్‌లు, విడిగా కొనడం దండగ అని పాడైన ఒక ఇయర్‌ఫోన్ మైకు సెట్టు నుంచి కోసి తీశారు. దాని తీగల్ని బోర్డుకు సోల్డరింగ్ చేశారు. టంకం నున్నగా మెరిసింది. ల్యాప్‌టాప్‌కు పెట్టి చిర్ప్ తెరిచి, రేడియో నుంచి చదవమంటే రేడియో జవాబివ్వలేదన్న ఒకే ముక్క. మొదటి జట్టు కేబుల్‌తో ఇదే, రెండో జట్టు కేబుల్‌తోనూ ఇదే. రేడియో మార్చి చూశారు, అదీ మాట్లాడలేదు. చూడడానికి వచ్చిన ఒకాయన "రేడియోలే నకిలీవి, పాడైనవని రాసేసి లెక్క మూసేయండి" అని సలహా ఇచ్చి వెళ్ళారు.

దాత ఇచ్చిన వస్తువును పాడైందని రాయాలంటే అది నిజంగా పాడైందని తెలియాలి కదా. పని చెయ్యకపోవడం ఒక సంగతి, ఏది పని చెయ్యడం లేదో తెలియడం మరో సంగతి. ఇక్కడ మాట నడిచే దారిలో కనీసం ఆరు మజిలీలున్నాయి: సాఫ్ట్‌వేర్, డ్రైవర్, బోర్డు, తీగ, జాక్, రేడియో. అన్నీ కలిపి పరీక్షిస్తే వచ్చేది ఒకే జవాబు, "లేదు" అని. దారిని మధ్యకు తుంచి, ఏ సగం బాగుందో ముందు తేల్చుకోవాలి.

కంప్యూటరు వైపు నుంచి మొదలుపెట్టాం. బోర్డు పెట్టగానే కంప్యూటరు దాన్ని గుర్తిస్తోందా? విండోస్ అయితే డివైస్ మేనేజర్‌లో కామ్ పోర్టు అని ఒక అంకెతో కనపడాలి. ఆ అంకె, చిర్ప్‌లో ఎంచుకున్న అంకె ఒకటే కావాలి. యూఎస్‌బీ రంధ్రం మారిస్తే అంకె మారవచ్చు, చాలా మంది ఇక్కడే తిరుగుతుంటారు. పోర్టు పక్కన పసుపు గుర్తు, కోడ్ 10 అని కనపడితే అది డ్రైవర్ పేచీ. ప్రోలిఫిక్ చిప్పులకు నకళ్ళు విపరీతంగా రావడంతో ఆ సంస్థ కొత్త డ్రైవర్లు నకలును గుర్తుపట్టి పని చెయ్యనని కూర్చుంటాయి. 2014 అక్టోబరులో ఎఫ్‌టీడీఐ ఇంకో అడుగు ముందుకేసింది. విండోస్ అప్‌డేట్‌తో వచ్చిన ఆ సంస్థ డ్రైవర్ నకిలీ చిప్పుల గుర్తింపు సంఖ్యను సున్నా చేసేసింది. ప్రపంచమంతటా కేబుళ్ళు ఒక్కసారిగా మూగబోయాయి, పెద్ద గొడవే అయింది. నకిలీ చేసినవాడు ఎక్కడో క్షేమంగా ఉన్నాడు, తెలియక కొన్నవాడికి దెబ్బ తగిలింది. ఈ విషయంలో నా అభిప్రాయం పిల్లలకు చెప్పాను, ఇక్కడ వద్దు.

మన ల్యాప్‌టాప్‌లు రెండూ లైనక్స్‌వి కనుక డ్రైవర్ బాధ లేదు, అవి లోపలే ఉంటాయి. అక్కడ వచ్చే చిక్కు అనుమతిది. వాడే వ్యక్తి పేరు డయల్‌అవుట్ అనే గుంపులో లేకపోతే పోర్టు తలుపు తెరుచుకోదు. పేరు చేర్చి ఒకసారి లాగౌట్ అయి వస్తే సరి. పిల్లలు అది ముందే చేసుకున్నారు. పోర్టు కనపడింది.

తర్వాత మల్టీమీటరు. బోర్డు పంపే పిన్నుకూ గ్రౌండుకూ మధ్య వోల్టేజి చూశాం. సీరియల్ తీగ మాట్లాడనప్పుడు ఒకటి అనే స్థితిలో, అంటే పూర్తి వోల్టేజితో నిలబడి ఉంటుంది. మీటరు 3.3కు దగ్గరగా, కదలకుండా చూపింది. బోర్డు బతికే ఉంది.

ఆ మీదట ఈ పాఠంలో అన్నిటికన్నా పనికొచ్చే పరీక్ష, లూప్‌బ్యాక్. పంపే పిన్నునూ అందుకునే పిన్నునూ చిన్న తీగ ముక్కతో కలిపేసి, కంప్యూటరులో టెర్మినల్ ప్రోగ్రాం తెరిచి ఏదైనా టైపు చెయ్యాలి. పంపింది పంపినట్టు తిరిగొస్తుంది కనుక తెర మీద అక్షరం కనపడుతుంది. తీగ ముక్క తీసేస్తే అక్షరాలు ఆగిపోవాలి. ఈ రెండో సగం చాలా మంది చెయ్యరు. తీసేసినా కనపడుతున్నాయంటే ఆ ప్రోగ్రామే తను కొట్టింది తనే చూపిస్తోందన్న మాట, పరీక్ష చెల్లదు. అందుకని లోకల్ ఎకో ఆపి, ఫ్లో కంట్రోల్ ఏదీ లేదని పెట్టుకుని మొదలుపెట్టాలి. కొండలోయలో కేక వేసి ప్రతిధ్వని వినడం లాంటిదే ఇది.

బోర్డు దగ్గర లూప్‌బ్యాక్ పలికింది. అదే పరీక్ష తీగ చివర, జాక్‌ల దగ్గర చేస్తే పలకలేదు. రెండో కేబుల్‌కూ అదే ఫలితం. అంటే రేడియో మీద నింద ఇంకా మోపడానికి లేదు, మాట రేడియో దాకా పోనే లేదు. తప్పు ఆ మూరెడు తీగలోనే ఉంది. దారి ఆరు మజిలీల నుంచి ఒకదానికి కుదించుకుపోయింది. అందుకు పట్టిన సమయం ఇరవై నిమిషాలు.

తీగను మీటరులో కంటిన్యుయిటీ మీద పెట్టి చూస్తే మోత లేదు. టంకం వేసిన చోట చూస్తే లోపమేమీ లేదు, గుండ్రంగా మెరుస్తోంది. ఇక్కడ తరగతి ఆగిపోయింది. ఆ సాయంత్రం జవాబు చెప్పింది ఇంటర్ పిల్లలు కాదు. పగలంతా చేవెళ్ళలో బోరు మోటార్ల వైండింగ్ షాపులో పనిచేసి, మగ్రిబ్ తర్వాత తరగతికి వచ్చే ఒక పిల్లవాడు. పదో తరగతి మధ్యలో మానేశాడు, ఇంగ్లీషు తెర చూస్తే వెనక్కి జరిగే రకం. తీగను వేళ్ళ మధ్య నలిపి, వెలుతురుకు పట్టి చూసి, "సార్, ఇది వార్నిష్ వైరు. మా షాపులో మోటారుకు చుట్టేది ఇదే, ఇది వెంట్రుకలా ఉంది అంతే. గీకకుండా టంకం పెడితే పైన నిలుస్తుంది, లోపలికి పట్టదు" అన్నాడు.

అదే నిజం. ఇయర్‌ఫోన్ తీగలు మెత్తగా ఉండాలని లోపల వెంట్రుకల్లాంటి రాగి పోగులు వేస్తారు. ఒక పోగు మరో పోగుకు తగిలినా కరెంటు దాటకుండా వాటికి సన్నని వార్నిష్ పూత ఉంటుంది. బలం కోసం మధ్యలో నూలు దారాలు కూడా ఉంటాయి. ఎర్రగా, పచ్చగా కనపడేది ప్లాస్టిక్ తొడుగు కాదు, ఆ పూతే. టంకం దాని చుట్టూ ముద్దగా గట్టిపడింది గాని రాగిని తాకలేదు. పేరు మోసిన ఏ పుస్తకం నుంచీ ఆ పిల్లవాడు ఇది నేర్చుకోలేదు. కూరగాయల తోటల్లో కాలిపోయిన మోటార్లు విప్పి విప్పి నేర్చుకున్నాడు.

పూత తియ్యడం కూడా అతనే చూపించాడు. బ్లేడుతో గీకితే వెంట్రుక తీగ తెగుతుంది. కనుక నూలు దారాల్ని ముందు విడదీసి కత్తిరించాలి. బాగా వేడెక్కిన ఐరన్ కొన మీద టంకం బొట్టు నిలిపి, తీగ చివరను ఆ బొట్టులో ముంచి రెండు మూడు సెకన్లు ఉంచాలి. పూత మాడి పొగగా పోతుంది, తీగ వెండి రంగుకు తిరుగుతుంది. ఆ పొగ పీల్చకూడదు, కిటికీ తెరిచే చెయ్యాలి. వెండి రంగు వచ్చిన తీగనే బోర్డుకు కలపాలి. కలిపాక తీగను అటూ ఇటూ వంచుతూ మోత తెగకుండా వస్తోందో లేదో వినాలి. ఒక రంగు తీగ జాక్‌లో ఏ భాగానికి పోతోందో, కొనకా, మధ్య పట్టీకా, మొదటికా, మీటరుతోనే తేల్చుకోవాలి. రంగును నమ్మకూడదు. ఒక సెట్టులో ఎర్రది స్పీకరుకు పోతే ఇంకో సెట్టులో గ్రౌండుకు పోతుంది. ఏ భాగానికి ఏ పని అన్నది ఆ మోడల్ రేడియో పటంలోనే చూడాలి.

అలా తిరిగి కట్టాక జాక్‌ల దగ్గర లూప్‌బ్యాక్ పలికింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. రేడియోకు పెట్టారు. మళ్ళీ అదే మాట, రేడియో జవాబివ్వలేదని.

ఇక్కడే నేర్చుకునేవాడి ఓపిక తేలుతుంది. ఒకడు తీగలు అడ్డదిడ్డంగా మార్చి చూద్దామన్నాడు, ఇంకొకడు సాఫ్ట్‌వేర్ మళ్ళీ ఎక్కిద్దామన్నాడు. రెండూ ఒకేసారి చేస్తే, పని చేసినా ఎందుకు చేసిందో తెలియదు. ఒకసారికి ఒకే మార్పు, చేసింది నోటు పుస్తకంలో రాయాలి అని నియమం పెట్టుకున్నాం. లూప్‌బ్యాక్ ఒక్క సంగతి చెప్పదని కూడా గుర్తు చేశాను. నోరు, చెవి తారుమారైనా అది పలుకుతుంది. అందుకని ముందు ఆ రెండు తీగల్నీ మార్చి చూశారు. ఫలితం లేదు, పూర్వస్థితికి తెచ్చారు. మిగిలింది జాక్, రేడియో కలిసే చోటు.

ఒక అమ్మాయి రేడియోను పక్కకు తిప్పి టార్చి వేసి చూసింది. జాక్ పూర్తిగా లోపలికి పోలేదు, గోరు మందాన లోహం బయట కనపడుతోంది. ఈ రేడియోల్లో రంధ్రాలు ప్లాస్టిక్ పెట్టె అంచు కన్నా కొంచెం లోపలికి ఉంటాయి. ఇయర్‌ఫోన్ జాక్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ మెడ ఆ అంచుకు తగిలి ఆగిపోతోంది. లోహపు పట్టీలు తాము తాకవలసిన చోటికి చేరడం లేదు. బజారు కేబుళ్ళకు కూడా ఉన్న జబ్బే ఇది. మెడను బ్లేడుతో ఒక మిల్లీమీటరు చెక్కారు. ఈసారి తోస్తే టక్కుమని కూర్చుంది. చిర్ప్‌లో చదవమనగానే గీత కదలడం మొదలైంది.

ఒకదాని కింద ఒకటి రెండు తప్పులున్నాయి. మొదటిది సరిచేసినా పని జరగలేదు గనుక సరిచెయ్యడమే తప్పనుకుని వెనక్కి పోయి ఉంటే ఇప్పటికీ అక్కడే ఉండేవాళ్ళం. రెండు రేడియోలూ శుభ్రంగా ఉన్నాయి, ఆస్తుల రిజిస్టరులో వాటి వరుస అలాగే ఉంది.

ఇలాంటి పని చేసేవాళ్ళ కోసం కొన్ని ముక్కలు త్వరగా చెబుతాను. కేబుల్ పెట్టగానే రేడియో మీద ఎర్ర లైటు వెలిగితే అది తనంతట తాను ప్రసారం మొదలుపెట్టిందన్న మాట. జాక్‌లో ఒకే భాగానికి మైకు బటన్ పనీ, డేటా పనీ రెండూ ఉండడం వల్ల తప్పు తీగ కలిస్తే అలా జరుగుతుంది. వెంటనే లాగెయ్యాలి. ఇదే కారణంగా ప్రోగ్రామింగ్ చేసేటప్పుడు కూడా ఏంటెనా విప్పకూడదు, ఏంటెనా లేకుండా ప్రసారమైతే లోపలి ట్రాన్సిస్టర్ దెబ్బతింటుంది. బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడే రాయడం మొదలుపెట్టాలి. అన్నిటికన్నా ముందు రేడియోలో ఉన్నది చదివి, ఆ ఫైలును తారీఖు వేసి దాచుకోవాలి. తర్వాత ఏం తేడా వచ్చినా వెనక్కి పోవడానికి అదొక్కటే దారి. ఒక మోడల్ ఫైలును మరో మోడల్‌లోకి ఎక్కించకూడదు.

ఇక చట్టం. ఇది దాతలు తప్పక తెలుసుకోవాలి, ఎందుకంటే మంచి ఉద్దేశంతో రేడియోలు కొని వాలంటీర్లకు పంచిపెడదామనే మాట మన సమావేశాల్లోనే వచ్చింది. అలా పంచకూడదు. ఈ రేడియోలు 136 నుంచి 174 మెగాహెర్ట్జ్ దాకా ఎక్కడైనా ప్రసారం చెయ్యగలవు. మన దేశంలో ఈ పరిధిలో హామ్‌లకు ఇచ్చింది 144 నుంచి 146 మాత్రమే. మిగతాది ఇతర శాఖలకూ సేవలకూ కేటాయించినది. పట్టికలో 145 రాయబోయి 154 అని రాస్తే అది టైపు తప్పుగా మిగలదు, ఇంకొకరి అత్యవసర మాట మీద మన గొంతు పడినట్టవుతుంది. అందుకే ఒకరు రాసిన పట్టికను మరొకరు బయటికి చదివి వినిపించాకే రేడియోలోకి పంపాలన్నది తరగతిలో నియమం.

లైసెన్సు రావడం మరీ కష్టమేమీ కాదు. 1978 నాటి అమెచ్యూర్ సర్వీస్ నియమాల కింద కేంద్ర టెలికమ్యూనికేషన్ల శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం ఇస్తుంది. పన్నెండేళ్ళు నిండినవారెవరైనా పరీక్ష రాయవచ్చు. రెస్ట్రిక్టెడ్ గ్రేడుకు మోర్స్ అక్కర్లేదు. జనరల్ గ్రేడుకు నిమిషానికి ఎనిమిది మాటల వేగంతో మోర్స్ రావాలి. అప్పటిదాకా మన పిల్లలు తీగలు, పట్టికలు, లూప్‌బ్యాక్‌లతో పనిచేస్తారు. రేడియోలు లైసెన్సున్న పెద్దవాళ్ళ అధీనంలో తాళం కింద ఉంటాయి, ప్రసారం బటన్ వాళ్ళే నొక్కుతారు.

చివరగా, తయారుగా దొరికేదాన్ని కొనకుండా ఎందుకు చేయించాలి అన్న ప్రశ్న. నిజానికి తయారు కేబుల్ కూడా ఒకటి కొన్నాం. పోల్చి చూడడానికి మంచి కేబుల్ ఒకటి దగ్గరుండాలి. కాని కొన్న కేబుల్ పలకనినాడు చెయ్యగలిగింది ఇంకొకటి కొనడమే. మన హైదరాబాద్‌లోనే అష్హర్ ఫర్హాన్ అనే హామ్, వీయూ2ఈఎస్ఈ ఆయన కాల్‌సైన్, విదేశీ సెట్లు కొనలేనివాళ్ళ కోసం ఇక్కడ దొరికే విడిభాగాలతో బిట్‌ఎక్స్ అనే ట్రాన్సీవర్‌ను రూపొందించి పటాన్ని అందరికీ ఉచితంగా ఇచ్చేశారు. కాయిళ్ళు చుట్టడానికి ప్రత్యేకమైన రింగులు దొరకకపోతే కుళాయిలో వేసే వాషర్ల మీద చుట్టమన్నారు. తర్వాత ఆ డిజైన్ బోర్డులుగా, కిట్లుగా తయారై ప్రపంచమంతా వెళ్ళింది. వాటి కాయిళ్ళు చుట్టే పని మహిళల బృందానికి ఉపాధి అయింది. బంజారాహిల్స్‌లోని లామకాన్ స్థాపకుల్లోనూ ఆయన ఒకరు. అక్కడి పేరుతోనే ఒక హామ్ క్లబ్బు కూడా నడుస్తోంది. కుళాయి వాషరు మీద తీగ చుట్టిన చేతికీ, మోటారు వైండింగ్ షాపు నుంచి వచ్చిన చేతికీ నాకు పెద్ద తేడా కనపడదు.

లెక్క విషయం. బోర్డులు, రెసిస్టర్లు, టంకం అన్నీ సాధారణ సదకా పద్దు కింద రాశాం, జకాత్ సొమ్ము ఇందులో పైసా కూడా లేదు. రసీదులు కార్యాలయంలో ఉన్నాయి, ఎప్పుడైనా చూడవచ్చు. రెండు కేబుళ్ళకూ కాగితపు చీటీ కట్టి, చేసిన తారీఖు, వోల్టేజి, ఏ మోడల్‌కు పనికొస్తుందో రాసి రేకు డబ్బాలో పెట్టాం. డబ్బా మూత లోపల లూప్‌బ్యాక్ పరీక్ష మెట్లు వైండింగ్ షాపు పిల్లవాడి చేతిరాతతో, తెలుగులో అంటించి ఉన్నాయి. రెస్ట్రిక్టెడ్ గ్రేడు పరీక్షకు వచ్చే విడతలో ముగ్గురు పేర్లు ఇస్తున్నారు, వారిలో అతనూ ఉన్నాడు. పుస్తకం ఇంగ్లీషులో ఉంది కనుక శుక్రవారం సాయంత్రాలు గంటసేపు కూర్చుని అర్థం చెప్పగలవాళ్ళు ఒకరు కావాలి. ఓపిక ఉన్నవాళ్ళు కార్యదర్శి గారికి పేరు ఇవ్వండి.